స్కూలు బడ్జెట్‌లో తరగతి గదికి చేరేదెంత? టెక్సస్‌లో లెక్క మీరే చూసుకోండి

ఆగస్టు మొదటి వారంలో పిల్లల స్కూలు నుంచి సామాన్ల జాబితా వస్తుంది. టిష్యూ డబ్బాలు ఆరు, జిగురు కడ్డీలు పన్నెండు, మార్కర్లు రెండు ప్యాకెట్లు. రెండు మూడు నెలలు తిరగకుండానే ఇంటి పన్ను బిల్లు వస్తుంది. అందులో సాధారణంగా అన్నిటికన్నా పెద్ద అంకె స్కూలు డిస్ట్రిక్టుది, అంటే ఊళ్లోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థది. వాట్సాప్ గ్రూపులో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "ఇంత పన్ను కడుతున్నాం కదా, మార్కర్లు కూడా మనమే కొనాలా?"

కొన్నేళ్ల క్రితం ఇదే కడుపుమంటతో నేను డిస్ట్రిక్టు బోర్డు సమావేశానికి వెళ్లి, మన డబ్బులో ఎంత శాతం తరగతి గదికి పోతోందని అడిగాను. ఆ తరువాత ఆర్థిక అధికారి ఒకరు ఎంతో మర్యాదగా ఒక శాతం చెప్పారు. తృప్తిగా ఇంటికొచ్చి పడుకున్నాను. నేనడిగిందే తప్పు ప్రశ్న అని అర్థమవడానికి ఇంకో ఏడాది పట్టింది. శాతాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి చెప్పవచ్చు. మా పిల్లవాడి తరగతిలో ఎంతమంది పిల్లలు, వాళ్లకు ఎంతమంది టీచర్లు అన్న లెక్కను మాత్రం తిప్పడం కష్టం. మీరు ఆ లెక్కదాకా వెళ్లడానికే ఈ వ్యాసం.

ఇక్కడ చెప్పేది టెక్సస్ సంగతి. అమెరికాలో స్కూలు డిస్ట్రిక్టులు దాదాపు పదమూడు వేలు. ఖాతాల పేర్లు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. టెక్సస్‌లో ఒక్క సౌకర్యం ఏమిటంటే, రాష్ట్ర విద్యా సంస్థ టీఈఏ అన్ని డిస్ట్రిక్టులకూ ఒకే ఖాతా సంకేతాలు పెట్టింది. ఫ్రిస్కో డిస్ట్రిక్టు పత్రంతో నేర్చుకుంటే కేటీ డిస్ట్రిక్టుదీ చదవగలరు.

1. ముందు సంచులు వేరు చేయండి

డిస్ట్రిక్టు డబ్బంతా ఒకే పెట్టెలో ఉంటుందనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. మీ పన్ను రేటులోనే రెండు భాగాలున్నాయి. ఎం అండ్ ఓ అనేది రోజువారీ నడక ఖర్చు: జీతాలు, కరెంటు, బస్సులు. ఐ అండ్ ఎస్ అనేది అప్పు తీర్చే పన్ను: బాండ్ల అసలు, వడ్డీ. రెండో దానితో టీచరుకు జీతం ఇవ్వడం చట్టరీత్యా కుదరదు.

ఆలెన్ పట్టణంలోని ఫుట్‌బాల్ స్టేడియం గురించి మీరు వినే ఉంటారు. పద్దెనిమిది వేల మంది పట్టే ఆ స్టేడియం 2012లో తెరుచుకుంది. ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు. అది చూసి "ఈ డబ్బుతో ఎంతమంది టీచర్లను పెట్టుకోవచ్చో" అని నిట్టూర్చని తెలుగువాడు ఉండడు. కానీ అది ఓటర్లు ఆమోదించిన బాండు డబ్బు. స్టేడియం కట్టకపోయినా ఆ డబ్బు టీచర్ల జీతాలకు వచ్చేది కాదు. స్టేడియం అవసరమా కాదా అన్నది వేరే చర్చ, అది బాండు ఎన్నిక రోజున చేయాల్సిన చర్చ. ఆ బ్యాలెట్ మీద "ఇది ఆస్తి పన్ను పెంపు" అని పెద్ద అక్షరాల్లో రాసి తీరాలని 2019 నుంచి చట్టం ఉంది.

బడ్జెట్ పత్రంలో ఈ సంచులకు మూడంకెల సంఖ్యలుంటాయి. 199 అంటే సాధారణ నిధి. మీ చూపు ప్రధానంగా ఉండాల్సింది దీని మీదే. 240 పిల్లల భోజనాలు, 599 అప్పుల చెల్లింపు. బోర్డు చట్టప్రకారం ఆమోదించాల్సింది ఈ మూడింటినే. పేద పిల్లలున్న స్కూళ్లకు వచ్చే టైటిల్ వన్ వంటి కేంద్ర గ్రాంట్లు, బాండు నిర్మాణాలు ఆ పత్రంలో కనిపించకపోవచ్చు. కనిపించలేదని కంగారు పడకండి, అవి వార్షిక ఆడిట్ నివేదికలో దొరుకుతాయి.

2. కాగితాలు తెచ్చుకోండి

దీనికి అరగంట చాలు. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఆర్థిక విభాగం పేజీకి వెళ్లండి. ఆమోదించిన బడ్జెట్‌ను అక్కడ ఉంచడం తప్పనిసరి. నిరుటిది, అంతకు ముందుదీ కూడా దించుకోండి. ఒక్క ఏడాది బడ్జెట్ చదివితే ఏమీ తెలియదు. ఆడిట్ నివేదిక కూడా తీసుకోండి. బడ్జెట్ పెళ్లికి ముందు రాసుకున్న పద్దు లాంటిది, ఆడిట్ పెళ్లయ్యాక తేలిన ఖర్చు. తరువాత టీఈఏ సైటులో పీమ్స్ (డిస్ట్రిక్టులు రాష్ట్రానికి పంపే సమాచారం) ఆర్థిక నివేదికలు తెరిచి మీ డిస్ట్రిక్టు పేరు కొట్టండి. చివరిగా అదే సైటులో మీ స్కూలు టీఏపీఆర్, అంటే ఏటా వచ్చే పనితీరు నివేదిక. ఇందులో డబ్బు లెక్కకన్నా విలువైనవి రెండున్నాయి: స్కూలులో టీచర్ల సంఖ్య, ఒక్కో తరగతిలో సగటున ఎంతమంది పిల్లలు అన్నది.

3. సంకేతం చదవడం నేర్చుకోండి

ఖర్చు వరుస ఒకటి ఇలా ఉంటుంది:

199-11-6399-00-104-6-11

చూడగానే ఫోను నంబరేమో అనిపిస్తుంది. ఎడమ నుంచి విడదీయండి. 199, సాధారణ నిధి. 11, ఫంక్షన్, అంటే ఏ పని కోసం ఖర్చు చేశారన్నది. 11 అంటే బోధన. 6399, ఆబ్జెక్ట్, అంటే ఏం కొన్నారన్నది. ఇది సాధారణ సామగ్రి. సున్నాలు డిస్ట్రిక్టు సొంత వాడకానికి. 104, స్కూలు సంఖ్య. హైస్కూళ్లకు 001 నుంచి, మిడిల్ స్కూళ్లకు 041 నుంచి, ఎలిమెంటరీలకు 101 నుంచి ఇస్తారు. 6 అంటే 2025-26 ఆర్థిక సంవత్సరం. చివరి 11 కార్యక్రమం పేరు, అంటే సాధారణ విద్య. అదే చోట 21 ఉంటే ప్రతిభావంతుల కార్యక్రమం, 23 ఉంటే ప్రత్యేక అవసరాల పిల్లల విద్య, 91 ఉంటే క్రీడలు.

అంటే పై వరుస ఒక ఎలిమెంటరీ స్కూలులో ఆ ఏడాది మామూలు తరగతులకు కొన్న సామాన్లు. మీరు ఆగస్టులో కొన్న మార్కర్లకు ప్రభుత్వ ఖాతాలో ఉన్న చోటు ఇదే.

ఫంక్షన్లలో గుర్తుంచుకోవలసినవి ఇవి: 12 గ్రంథాలయం, 13 టీచర్ల శిక్షణ, పాఠ్య ప్రణాళిక, 23 ప్రిన్సిపాల్ కార్యాలయం, 31 కౌన్సెలర్లు, 33 నర్సు, 34 బస్సులు, 36 ఆటలు, బ్యాండు వంటివి, 41 డిస్ట్రిక్టు ప్రధాన కార్యాలయ పాలన, 51 భవనాల నిర్వహణ, 52 భద్రత. "అంతా పైవాళ్లే తినేస్తున్నారు" అనేవాళ్లు 41ని చూసి నిరాశపడతారు. పెద్ద డిస్ట్రిక్టుల్లో అది చాలాచోట్ల ఐదు శాతం లోపే ఉంటుంది. దాన్ని సగానికి కోసినా తరగతి గదికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఆబ్జెక్టుల్లో మొదటి రెండంకెలు చాలు. 61 జీతభత్యాలు, 62 బయటి కాంట్రాక్టులు, 63 సామగ్రి, 64 ప్రయాణాలు, బీమా వంటి ఇతర ఖర్చులు, 65 అప్పు, 66 భవనాలు, పెద్ద యంత్రాలు.

చాలామందికి తెలియని కీలకం ఒకటుంది. బోర్డు బడ్జెట్‌ను ఆమోదించేది ఫంక్షన్ స్థాయిలో. 11 నుంచి 41కి డబ్బు మార్చాలంటే బోర్డు మళ్లీ ఓటు వేయాలి. కానీ 11 లోపల జీతాల నుంచి తీసి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుకు మార్చడానికి ఓటు అక్కరలేదు. "బోధన మీద ఖర్చు తగ్గలేదు" అని ఏటా నిజాయతీగానే చెబుతుంటారు, కానీ లోపల టీచరు బదులు చందా కట్టే యాప్ వచ్చి కూర్చుంటుంది. అందుకే ఫంక్షన్ 11 మొత్తం చూసి ఆగిపోకండి. అందులో 61 ఎంత, 62 ఎంత, మూడేళ్లవి వరుసగా రాసుకోండి. 62 ఏటా పెరుగుతుంటే ఎందుకో అడగండి. టీచర్లు దొరకక ఏజెన్సీ ద్వారా తెచ్చుకుంటున్నారేమో, అదీ ఆ వరుసలోనే ఉంటుంది.

4. శాతం చెబితే దేనిలో శాతమో అడగండి

ఊహకు ఒక డిస్ట్రిక్టు తీసుకుందాం. సాధారణ నిధి ఖర్చు 30 కోట్ల డాలర్లు. ఫంక్షన్ 11 కింద 16 కోట్లు. అంటే 53 శాతం, వినడానికి బాగాలేదు. కానీ ఆ 30 కోట్లలో 4 కోట్లు ఫంక్షన్ 91 (పైన చెప్పిన క్రీడల 91 కాదు) కింద రాష్ట్రానికి తిరిగి వెళ్తున్నాయి. అది రీకాప్చర్, జనం రాబిన్‌హుడ్ అని పిలిచేది. ఆస్తి విలువలు ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి తీసి తక్కువున్న వాటికి సర్దడానికి 1993లో వచ్చిన పద్ధతి. పేద డిస్ట్రిక్టుల పిల్లలకు అన్యాయం జరుగుతోందని 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఎడ్జ్‌వుడ్ కేసులో తేల్చాక అది పుట్టింది. ఆ 4 కోట్లు మన డిస్ట్రిక్టు ఖర్చే కాదంటూ తీసేస్తే, 26లో 16, అంటే 61 శాతం దాటింది. గ్రంథాలయం, శిక్షణ, ప్రిన్సిపాల్, కౌన్సెలర్, నర్సు కూడా పిల్లలకోసమే కదా అని మరో 4 కోట్లు కలిపితే 77 శాతం. డబ్బు ఒక్క డాలరు కూడా కదలలేదు.

ఈ ఆట రాష్ట్రస్థాయిలోనూ ఆడారు. 2005లో గవర్నర్ రిక్ పెర్రీ, ప్రతి డిస్ట్రిక్టూ 65 శాతం బోధన మీదే ఖర్చు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. వెంటనే గొడవ మొదలైంది: కేంద్ర ప్రభుత్వ నిర్వచనంలో గ్రంథాలయం బోధన కిందికి రాదు, మరి లైబ్రేరియన్ సంగతి ఏమిటని. ఆ నిబంధన తరువాత నిలవలేదు. దేశవ్యాప్తంగా చూస్తే ఆ నిర్వచనం ప్రకారం బోధన వాటా 60 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మీ డిస్ట్రిక్టు 58 అయినా 62 అయినా ఆ తేడాతో పోట్లాడకండి. దూరాలు ఎక్కువున్న ఊళ్లో బస్సుల ఖర్చే ఆ తేడా తెస్తుంది.

శాతం ఒకే చోట పనికొస్తుంది: అదే డిస్ట్రిక్టును అదే కొలతతో గత ఐదేళ్లతో పోల్చినప్పుడు.

5. డాలర్లను మనుషులుగా మార్చండి

ఇదే అసలు పని. సాధారణ నిధిలో జీతభత్యాలే 80 శాతానికి పైన ఉండడం మామూలు. తరగతి గది బడ్జెట్ అంటే నిజానికి టీచర్ల తల లెక్క.

టెక్సస్ చట్టం ప్రకారం ప్రీకే (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) నుంచి నాలుగో తరగతి దాకా ఒక తరగతిలో 22 మందికి మించి పిల్లలు ఉండకూడదు. మీ స్కూలు రెండో తరగతిలో 88 మంది ఉన్నారనుకోండి. నలుగురు టీచర్లు, తలా 22, సరిగ్గా సరిపోయింది. సెప్టెంబరు రెండో వారంలో బెంగళూరు నుంచి ఒక కుటుంబం దిగింది. 89వ పిల్ల వచ్చింది. ఇప్పుడు ఐదో టీచరును పెట్టాలి, లేదా టీఈఏ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. మినహాయింపు దొరికితే ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఆ చీటీ మీ పిల్లల సంచిలో నలిగి ఉండి ఉంటుంది, వెతకండి.

ఐదో తరగతికి ఈ గీత లేదు. అదే 88 మందిని ముగ్గురు టీచర్లకు పంచితే ఒక్కొక్కరికి 29 మంది. డబ్బు బిగిసిన ఏడాది డిస్ట్రిక్టులు ముందుగా చెయ్యి వేసేది ఇక్కడే. పద్దులో ఎక్కడా "కోత" అన్న మాట ఉండదు. ఐదో తరగతి, మిడిల్ స్కూలు, హైస్కూలు తరగతులు చప్పుడు లేకుండా నిండుతాయి. మీ పిల్లలు నాలుగో తరగతి దాటుతున్నారంటే తరగతిలో ఎంతమందో చూడటం మీకు మరీ అవసరం.

చేయాల్సిందల్లా ఇది. ఒక కాగితం మీద మీ స్కూలు మూడేళ్ల పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, ఐదో తరగతి సగటు రాయండి. పక్కనే ఆ మూడేళ్లలో మీ స్కూలు సంఖ్య మీద ఫంక్షన్ 11లో పడిన జీతాలు. పిల్లలు అంతే ఉండి, జీతాల డబ్బు పెరిగి, టీచర్లు తగ్గితే సాధారణంగా రెండు కారణాలు: జీతాలు పెరిగాయి, లేదా అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. 2025లో శాసనసభ ఆమోదించిన రెండో నంబరు బిల్లు ఈ లెక్కను కాస్త చిక్కు చేసింది. ఐదు వేలకు మించి పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచర్లకు 2,500 డాలర్లు, ఐదేళ్లు, ఆపైన అనుభవం ఉన్నవారికి 5,000 డాలర్లు పెంచారు. చిన్న డిస్ట్రిక్టుల్లో అది 4,000, 8,000. ఈ డబ్బు టీచర్లకే వెళ్లాలి, కొత్త పోస్టులకు వాడలేరు. కాబట్టి 2025-26లో జీతాల అంకె ఎగిరిందంటే టీచర్లు పెరిగారని అనుకోవద్దు.

6. రాబడి వైపు ఒక్క చూపు

అదే బిల్లు ఒక్కో విద్యార్థికి ఇచ్చే ప్రాథమిక మొత్తాన్ని 6,160 డాలర్ల నుంచి 6,215కు పెంచింది. 55 డాలర్లు. పాత అంకె 2019 నుంచి కదలలేదు, ఈలోపు కోడిగుడ్ల ధర ఎంత మారిందో మీకే తెలుసు. మహమ్మారి కాలంలో వచ్చిన కేంద్ర సాయం గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. పిల్లల సంఖ్య తగ్గుతున్న పాత శివారు పట్టణాల్లో స్కూళ్లు మూతపడటం ఇందువల్లే. ప్లేనో బోర్డు 2024లో నాలుగు స్కూళ్ల మూసివేతకు ఓటు వేసింది.

మరొక సంగతి: ఈ డబ్బు పేరు నమోదైన పిల్లలను బట్టి రాదు, హాజరును బట్టి వస్తుంది. బడి 175 రోజులనుకుంటే రోజుకు సుమారు 35 డాలర్లు. డిసెంబరు సెలవులకు ముందు పది రోజులు కలుపుకుని హైదరాబాదు వెళ్లివచ్చే కుటుంబాలు మనలో ఎన్నో చెప్పనక్కరలేదు. ఒక్కో పిల్లకు 350 డాలర్లు. విమానం టికెట్ల ధరలు చూసి నేనూ ఆ పని చేశాను, కాబట్టి నీతులు చెప్పను. కానీ దీపావళికి పిల్లలను ఆపితే మాత్రం "ఒంట్లో బాగాలేదు" అని రాయకండి. మతపరమైన పండుగ అని రాయండి. చట్టం దాన్ని హాజరుగానే లెక్కిస్తుంది, స్కూలుకు డబ్బు పోదు.

ఇంటి పన్ను మినహాయింపును 2023లో లక్ష డాలర్లకు, 2025 నవంబరులో 1,40,000కు పెంచుతూ ఓటర్లు తీర్పు ఇచ్చారు. దానివల్ల తగ్గే రాబడిని రాష్ట్రం భర్తీ చేస్తుంది. మినహాయింపూ పెరగాలి, తరగతిలో పిల్లలూ తగ్గాలి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లవాడు దుడ్డులా ఉండాలి అన్నట్టు.

7. ఎప్పుడు అడగాలి

జూన్ లేదా ఆగస్టులో బహిరంగ విచారణ పెడతారు. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలయ్యే చోట జూన్ చివరిలోగా, సెప్టెంబరు 1న మొదలయ్యే చోట ఆగస్టు చివరిలోగా బడ్జెట్ ఆమోదించాలి. జనం ఆ రోజే వస్తారు. అప్పటికి వంట అయిపోయి విస్తళ్లు వేసేస్తారు. టీచరు పోస్టుల కేటాయింపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య జరుగుతుంది: వచ్చే ఏడాది ఇంతమంది పిల్లలు వస్తారన్న అంచనా, ఇంతమందికి ఒక టీచరు అన్న నిష్పత్తి, వాటిని బట్టి స్కూలుకు ఇన్ని పోస్టులు. ఆ నిష్పత్తి ఒక్క పాయింటు మారితే లక్షల డాలర్లు కదులుతాయి. అందువల్ల జనవరి చివర అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "వచ్చే ఏడాదికి ఐదో తరగతిలో, ఆపైన, పోస్టుల నిష్పత్తి ఎంత పెట్టారు? ఈ ఏడాది ఎంత?"

బోర్డు సమావేశంలో మీకిచ్చే మూడు నాలుగు నిమిషాలు మంచి చోటే, కానీ అజెండాలో లేని విషయం మీద సభ్యులు మీతో చర్చించలేరు. అది పొగరు కాదు, బహిరంగ సమావేశాల చట్టం. వాళ్లు జీతం లేకుండా పనిచేసే ఎన్నికైన మనుషులని కూడా గుర్తుంచుకోండి. ముందు ఆర్థిక విభాగానికి మెయిలు రాయండి. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది.

కాకపోతే ప్రజా సమాచార చట్టం ఉంది. దీనికి పౌరసత్వం అక్కరలేదు, హెచ్1 వీసా మీద ఉన్నా, తాత్కాలికంగా వచ్చిన అమ్మమ్మ అయినా అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నారని వాళ్లు అడగకూడదు. పది పనిదినాల్లో ఇవ్వాలి, లేదా ఎప్పుడిస్తారో చెప్పాలి. ఖర్చు 40 డాలర్లు దాటేలా ఉంటే ముందే అంచనా పంపాలి. అభ్యర్థన చిన్నదిగా, సూటిగా ఉండాలి. "బడ్జెట్ వివరాలన్నీ" అని రాస్తే వందల పేజీలకు అంచనా వస్తుంది. ఇలా రాయండి: "ఫలానా స్కూలు సంఖ్య మీద, నిధి 199, ఫంక్షన్ 11, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆబ్జెక్ట్ సంకేతాల వారీగా ఆమోదిత బడ్జెట్, వాస్తవ ఖర్చు." ఇంగ్లిషులో రాస్తే రెండు వాక్యాలు.

జవాబు రాగానే ముందుగా 6399 వరుస చూసి, దాన్ని స్కూలులోని పిల్లల సంఖ్యతో భాగించండి. మార్కర్ల ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. అంకె మరీ చిన్నదైతే మిగిలింది ఎవరి జేబు నుంచి వస్తోందో టీచరును అడిగి చూడండి. తమ సొంత డబ్బుతో కొన్న సామగ్రికి ఏడాదికి కొంత పరిమితి దాకా కేంద్ర ఆదాయపు పన్నులో టీచర్లకు తగ్గింపు ఉంది.

అన్నట్టు, ఆ వివరాలను ఎక్సెల్ ఫైలుగానే అడగండి. నేను మొదటిసారి ఆ మాట రాయడం మరిచిపోయాను. స్కాను చేసిన పేజీలు వచ్చాయి, ఒక ఆదివారమంతా కూడికలకే సరిపోయింది.